వెంకటరాజం కాక బూటు నొప్పి

ఎవరికి ఏ నొప్పి వచ్చినా, అంతకంటే పెద్దది మా వెంకటరాజం కాకకు ఉండి తీరాలి.

మట్టెవాడలో మా ఇళ్లు పక్కపక్కనే. పొద్దున ఆయన మగ్గం చప్పుడుకన్నా ముందు మూలుగు వినిపించేది. ఎదురింటి మొగిలయ్య పన్ను పీకించుకొని వస్తే, "ఒక్కటేనా? నాకు ముప్పై రెండూ సలుపుతున్నయి!" అన్నాడు. అప్పటికి ఆయన నోట్లో సగం పళ్లు కూడా లేవు. పక్కింటి పోశవ్వకు పురిటి నొప్పులు మొదలైతే ఆయనా నడుం పట్టుకొని అరుగుమీద కూలబడ్డాడు. "నీకెన్నో నెల బాపూ?" అని అడిగి మంత్రసాని లోపలికి పోయింది.

పందొమ్మిది వందల నలభై ఐదులో జ్వరం తగిలి నా భార్య సరోజన ఎడమ పాదం వాలిపోయింది. నడిస్తే వేళ్లు నేలను ఈడ్చేవి. హైదరాబాదు దవాఖానలో పిక్క దాకా ఇనుప కడ్డీలు, తోలు పట్టీలు ఉన్న బూటు చేసిచ్చారు. "మొదట కొద్దిసేపే వేసుకోవాలె. విప్పి చర్మం చూసుకోవాలె. ఎర్రగుంటే తగ్గేదాకా ఆగాలె" అని డాక్టరు మరీమరీ చెప్పాడు. సరోజన వింటేనా! మళ్లీ నడుస్తున్నానన్న సంబరంలో పొద్దంతా విప్పలేదు. చీలమండ దగ్గర తోలు ఒరుసుకొని పుండయింది.

"ఇంకోసారి పుండయితే ఈ బూటు మాట మరిచిపోవాలె" అన్నాడు డాక్టరు. పుండు మానింది. మళ్లీ అదే వరస. "జర విప్పవే" అంటే నామీద గుడ్లురిమేది.

అంతలో ఒకరోజు కాక కుంటుకుంటూ వచ్చాడు. కాళ్లకు ఎక్కడో సంపాదించిన పాత మిలిటరీ బూట్లు.

"బాలకిషన్, సచ్చిపోతాన్నరా! బూట్లు కరుస్తానయి" అన్నాడు నాతో.

"నా బూటుకు ఇనుమున్నది మామా. నాదే ఎక్కువ కరుస్తది" అంది సరోజన.

"ఇనుమేందే బిడ్డా! ఇది తోలు గాదు, మొసలి!"

అప్పటినుంచి ఇద్దరూ పొద్దున్నే కలిసి నడిచేవారు. నాలుగిళ్లు దాటగానే కాక ఏదో ఒక అరుగుమీద కూలబడేవాడు. "అబ్బ, మండుతాంది! నువ్వు గూడ విప్పు బిడ్డా. నేనొక్కన్నే విప్పితే నలుగురు నవ్వుతరు."

పెద్దాయన మాట తీసెయ్యలేక ఆమె విప్పేది.

"నీది ఎంత ఎర్రగైంది? నాదానికంటె ఎక్కువనా?" అని వంగి వంగి చూసేవాడు. ఆమె కాలి మీద ఎరుపు పోయేదాకా ఆయన నొప్పి తగ్గేదే కాదు. దారిన పోయేవాళ్లంతా కాక మూలుగులకు నవ్వడమే గాని, సరోజన ఇనుప బూటు వైపు చూసిన పాపాన పోలేదు.

చలికాలం వెళ్లేసరికి ఆమె చర్మం గట్టిపడింది. మెత్తటి గుడ్డ చుట్టి వేసుకుంటే పొద్దంతా ఉన్నా మచ్చ పడలేదు. ఒకనాడు కొత్తవాడ దాకా పోయి వచ్చి, "మామా, నాకేం కాలే. ఏదీ, నీ కాళ్లు చూపియ్" అంది.

కాక కాళ్లు వెనక్కి లాక్కున్నాడు. ఆమె ఊరుకోలేదు. వంగి ఒక బూటు పట్టుకుంటే, లాగకుండానే ఊడి చేతిలోకి వచ్చింది. ఇంకో పాదానికి కూడా అందులో చోటుంది! ఆయన కాలిమీద చిన్న గీత కూడా లేదు.

"ఏది మామా పుండు?" సరోజన నవ్వు ఆపుకోలేకపోతోంది.

"మానింది" అన్నాడు కాక గంభీరంగా.

"ఎప్పుడు?"

"నీది మానిన్నాడే."

సరోజన ఆ బూటు ఆయన ముందు పెట్టి, చటుక్కున లేచి వీధిలో చకచకా నడిచింది. "ఆగే బిడ్డా, జర ఆగు!" అంటూ, వదులు బూట్లు టపటపలాడిస్తూ కాక ఆమె వెనక ఉరికాడు.