వంటింట్లో లైటు మార్చిన నెలలు

అవ్వ మొదట పడేసింది ఉప్పు డబ్బా. వారం తర్వాత పాలగిన్నె. మూడోసారి గంజి వారుస్తుండగా పక్కనున్న చెంబు కాలికి తగిలి ముందుకు తూలింది. మోచేయి కాలింది.

"గీ లైటేరా కొడకా," అంది, మోచేతి మీద చల్లనీళ్లు పోయించుకుంటూ. "నా లెక్కనే ముసల్దైంది. నాలుగుసార్లు మిణుకుమంటెగని వెలుగది."

ఆ ట్యూబులైటు ఇంటికి స్లాబు పోసిన ఏడు బాపు పెట్టించింది. మా వైపు అమ్మను అవ్వ, నాన్నను బాపు అంటాం. ఇనుప పట్టీకి తుప్పు, రెండు కొసలకూ నలుపు, లోపల చోక్ రొద. అవ్వ మాట నాకు వెంటనే నచ్చింది.

నచ్చడానికి కారణం నా పనే. నేను సాంచె నడుపుతాను. మరమగ్గాన్ని మా ఊళ్లో సాంచె అంటారు. పోగు తెగింది పనివాడు చూసుకోకపోతే బట్ట పొడవునా గీత పడుతుంది. ఆ బట్ట పట్టుకుని వచ్చిన యజమాని పనివాడి ముఖం చూడడు, ముందు తలెత్తి లైటు చూస్తాడు. నూలు దుమ్ము పేరుకుని ఉంటే తుడవమంటాడు, పాతదైతే మార్చమంటాడు. ఇరవై రెండేళ్లుగా ఆ షెడ్డులో నేను చూసింది ఇదే. కనిపించలేదంటే తప్పు లైటుది. కళ్ల మాట ఎవరూ ఎత్తగా వినలేదు.

దానికి తోడు నా చదువు. ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి. నాకు తెలిసిందంతా బస్టాండు వెనక ఉన్న శాఖా గ్రంథాలయం పెట్టిన భిక్షే. వెలుతురు గురించి అక్కడే చదివాను. దూరం రెండింతలైతే కాంతి నాలుగో వంతుకు పడిపోతుంది. స్లాబు నుంచి పొయ్యి దాకా టేపుతో కొలిచాను, నోటుబుక్కులో లెక్క వేశాను. కొత్త లైటు సాంచె మీద వేలాడదీసినట్టు రెండున్నర అడుగులు కిందికి దింపాలని తేల్చాను.

బీడీలు చుడుతున్న నా భార్యకు ఆ లెక్క చూపించాను. చేతిలో తునికాకు కింద పెట్టకుండానే విన్నది.

"లెక్క మంచిగనే ఉన్నది. గని అత్త పగటీలి గూడ గడప తన్నుకుంటున్నది. జర కండ్ల డాక్టర్‌కు చూపియ్యరాదు?"

"వంటింట్లకు పగటీలి ఎండ యాడికెల్లొస్తది?"

"నేను చెప్పేది వాకిలి గడప. లైబ్రరీల కుర్చీ అరగగొట్టినవ్ గని ఇంటి ముచ్చట నీకెక్కది."

ఆమె నోరు మూయించాలని ఆ సాయంత్రం అవ్వ ముందు బియ్యం పళ్లెం పెట్టాను. అవ్వ దాన్ని ముఖానికి ఎదురుగా పట్టుకుని, ఆవగింజలో సగం లేని రాళ్లను ఒక్కొక్కటే ఏరి అవతల వేసింది.

"చూసినవా?" అన్నాను.

నా భార్య మళ్లీ తునికాకు అందుకుంది.

ఏ లైటు కొనాలో తేల్చుకోవడానికే నాలుగు నెలలు తీసుకున్నాను. పసుపు వెలుగా, తెల్ల వెలుగా. కళ్లకు ఏది హాయి, నీడ ఏది తక్కువ వేస్తుంది. దొరికిన పుస్తకమల్లా తెచ్చి చదివాను. ఆ నాలుగు నెలలూ అవ్వ దేనికో ఒకదానికి తగులుకుంటూనే ఉంది. ప్రతిసారీ "జర ఆగవ్వా, మంచి లైటు తెస్తున్న" అన్నాను.

చివరికి ఒక ఆదివారం మెయిన్ ఆపి పాత పట్టీ విప్పాను. కొక్కేలు బిగించి రెండు కడ్డీలకు కొత్త ఎల్‌ఈడీ లైటు వేలాడదీశాను. స్విచ్చు వేయగానే మూలల్లో బూజు, గోడ మీది నూనె మరకలు అన్నీ బయటపడ్డాయి.

"పెండ్లి పందిరి లెక్క చేసినవ్ గదరా," అని అవ్వ నవ్వింది.

మూడో రోజు పొయ్యి మీది పప్పు గిన్నె దించి ఎడమకు తిరిగింది. అక్కడ నా భార్య కింద కత్తిపీట ముందు కూర్చుని ఉంది. ఎర్రచీర. నెత్తి మీద పట్టపగలంత వెలుగు. అవ్వ ఎదురు గోడ వైపే చూస్తూ ఆమె మీదికి నడిచింది. వేడి పప్పు భుజం మీద ఒలికింది.

"గీడ ఉన్నవా బిడ్డా? కనపడలే," అంది అవ్వ, గిన్నె పెట్టడానికి చోటు తడుముకుంటూ.

నేను తలుపు దగ్గరే నిలబడి ఉన్నాను. ఇక లైటు మీద మోపడానికి ఏమీ మిగల్లేదు.

కరీంనగర్‌లో కళ్ల డాక్టరు నీటికాసులు అన్నాడు, గ్లకోమా అనే జబ్బు. చూపును అంచుల నుంచి తినుకుంటూ వస్తుందట. ఎదురుగా ఉన్నది మాత్రం చివరి దాకా కనిపిస్తుందట. ఎడమ కన్ను దాదాపు పోయింది, కుడిది సగం. పోయింది తిరిగి రాదు, మిగిలింది చుక్కల మందుతో ఆపి చూడాలి.

"ఎన్ని దినాల సంది గిట్ల తాకుతున్నది?" అని అడిగాడు.

నా భార్యే చెప్పింది: "ఐదు నెలలు దాటింది సార్."

"గప్పుడే తేవాల్సింది," అని ఆయన మందుల చీటీ రాశాడు.

మర్నాడు గ్రంథాలయానికి వెళ్లాను. నేను తిరగేసిన బీరువా పక్కదే ఆరోగ్యం పుస్తకాలది. నీటికాసుల గురించి మూడు పేజీలు దొరికాయి. రోగులకు తమ జబ్బు తెలియదనీ, వెలుతురు చాలడం లేదనుకుంటారనీ అందులో ఉంది. నిలబడే చదివి, యథాస్థానంలో పెట్టి వచ్చాను. మళ్లీ అటు పోలేదు.

పొద్దునా సాయంత్రం అవ్వ కళ్లలో చుక్కలు వేస్తాను. "పోయింది మర్లొస్తదా కొడకా?" అని ఒక్కసారే అడిగింది. కన్ను మూసుకో అవ్వా, మందు కారిపోతది అన్నాను.

ఇప్పుడు ఆమెతో మాట్లాడాలంటే ఎదురుగా వెళ్లి నిలబడాలి. నా భార్య అలాగే నిలబడుతుంది. నేను మాత్రం చుక్కలు వేయడం అయ్యాక అవ్వకు చూపు పోయిన ఎడమవైపే కూర్చుంటున్నాను.