నిదానం మాస్టారి గొంతు

టీవీలకు ఇంకా వీపు ఉన్న కాలం అది. (ఇప్పటివి టీవీలా? గోడకు తగిలించిన క్యాలెండర్లు.) ఎనిమిదో తరగతితో చదువుకు దండం పెట్టి, ఆదోనిలో ఆ వీపులు విప్పి బాగుచేసే అంగడిలో చేరిన నాకు, ఇరవై రెండేళ్లు వచ్చేసరికి ఒక జ్ఞానం కలిగింది. చేసుకుంటే ఎమ్మిగనూరులోని మేనమామ కూతురినే చేసుకోవాలి. ఆమెకూ ఇష్టమే. అడ్డమల్లా నా నోరే. "వాడు నోరు తెరిస్తే ఎకసెక్కమే. అట్లాటోనికి పిల్లనెట్లిస్తా?" అని మామ మా అమ్మతో తేల్చి చెప్పేశాడు.

మామది గుంత మగ్గం. కాళ్లు గుంతలో, కళ్లు పడుగు మీద, వీపు టీవీ వైపు. అందుకని సాయంత్రం సీరియల్‌ను ఆయన చూసేవాడు కాదు, వినేవాడు. అందులో ఒక బడిపంతులు ఉండేవాడు. ఇల్లు కూలుతున్నా గొంతు పెంచకుండా, ఒక్కో మాటా నమిలి నమిలి "అలాగేనండి" అనే మనిషి. మేమంతా నిదానం మాస్టారు అనేవాళ్లం. ఆయన మాట వినబడగానే మామ మగ్గం ఆపేసి, "మనిషంటే అట్లుండల్ల" అనేవాడు.

నాకింకేం కావాలి? మరుసటి ఆదివారం నుంచి ఆ ఇంట్లో నేనే నిదానం మాస్టారిని. "బువ్వ తింటివేమప్పా?" అని మామ అడిగితే, మనసులో మూడు లెక్కపెట్టి, "తిన్నానండి మావయ్యగారూ" అనేవాణ్ణి. మొదటిసారి విన్న మరదలు గడప దగ్గరే ఆగిపోయి, "ఏమాయ బావా, పన్ను నొప్పా?" అంది. (దానికి నా దగ్గర నాలుగు జవాబులు ఉన్నాయి. నాలుగూ మింగేశాను.) ఇలా మూడు నెలలు గడిచాయి. మామ మెత్తబడుతున్నాడనే అనుకున్నాను. అంతలో ఆ సీరియల్‌నే సినిమాగా తీశారు, ఆదోనికి వచ్చింది. పోస్టర్లో అదే ముఖం, అవే కళ్లద్దాలు. మాస్టారిని పెద్ద తెర మీద చూపిస్తే ఇక పెళ్లి ఖాయమని, నేనే వెళ్లి మామను బస్సెక్కించి తీసుకొచ్చాను.

పది నిమిషాలు గడవకముందే మాస్టారు కళ్లద్దాలు విసిరేసి, తలుపు తన్ని, పద్నాలుగు మందిని చితక్కొట్టి, బురదలో డాన్సు కట్టాడు. నేను సీట్లోనే కుంగిపోయాను. పక్కకు చూస్తే మామ కళ్లు మూసుకుని ఉన్నాడు. నిద్రపోయాడని సంతోషించాను. నిద్ర కాదు, వింటున్నాడు.

"ఈయప్ప ఆయప్ప కాదురా."

"ఆయనేనండి మావయ్యగారూ. ముఖం చూడండి."

"నేను మొగం యాడ సూసినా? గొంతు వేరే."

నిజమే. సీరియల్లో ఆయనకు గొంతు అరువిచ్చింది ఒకరు, సినిమాలో ఇంకొకరు. కళ్లప్పగించి చూసిన నేను పట్టుకోలేనిది, వీపుతో విన్న మనిషి పట్టేశాడు.

విశ్రాంతిలో టీ గ్లాసు పట్టుకుని మామ నన్ను ఎగాదిగా చూశాడు. "సీరియల్లో ఒక తీరు, సిన్మాలో ఒక తీరు. పెండ్లికి ముందు నువ్వు ఈ తీరు. పెండ్లయినాంక ఎట్లుంటావో సెప్పు?"

మూడు లెక్కపెట్టాను. ఏడు దాకా లెక్కపెట్టాను. మాస్టారి మాట ఒక్కటీ రాలేదు. ఎట్లాగూ పిల్ల దక్కదనుకుని నా నోటిని వదిలేశాను. "ఏముంది మామా, పెండ్లయినాంక నాకూ గొంతు వేరేవాళ్లే ఇస్తారు. నీ కూతురు మాట్లాడ్తాది, నేను ఊరికే నోరాడిస్తా."

మామ ముక్కులోంచి టీ వచ్చింది. దగ్గి, నవ్వి, మళ్లీ దగ్గి, కళ్లు తుడుచుకున్నాడు. "ఇన్నాళ్లు ఈ గొంతు యాడ దాసిపెట్టినావురా? మా ఇంట్లో ఎవరో తిరుగుతాండాడని బయపడ్తాండాను!"

"అంటే పిల్లనిస్తావా మామా?"

"మొన్నటోనికి ఇయ్యను. ఎకసెక్కపోడైనా నీకైతే ఇస్తా. నీ గొంతు నీదే."

రెండో సగం చూడకుండానే బస్సెక్కాం. మాస్టారు చివరికి ఏమయ్యాడో నాకు ఈ రోజుకూ తెలియదు. తెలిసిందల్లా, ఆదివారం ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని, బస్సు కిటికీలో ముఖం చూసుకుంటూ "అలాగేనండి" సాధన చేసిన ఆ కుర్రవాడు ఎంత కష్టపడి మంచివాడయ్యాడో. వాడంత మంచిగా నేను మళ్లీ ఎప్పుడూ లేను.