మామ్మ మీటరు, వీధి నీళ్లు

మా జగ్గయ్యపేట వీధిలో ఇంటింటికీ తిరిగి కరెంటు మీటరు చూసి బిల్లు కొట్టే ఆయన గురువారం పొద్దున గుండెపోటుతో పోయాడు. సంతాప సభలో ఆయన మంచితనాన్ని పొగిడి, టీ తాగి వెళ్లినవాళ్లలో ముగ్గురు, ఆయన చివరిగా రాసిన అర్జీ మీద సంతకం పెట్టనన్నవాళ్లే. పేర్లు రాయను. వాళ్లకు తెలుసు.

ఆ అర్జీ మా ఎదురింటావిడ కోసం. వీధంతా ఆమెను మామ్మ అంటారు. కరెంటు ఎక్కువ కాల్చింది కాబట్టి పేదరాలు కాదని ఆమె పెన్షన్ ఆపేశారు. తనిఖీకొచ్చిన నందిగామ ఆఫీసు ఉద్యోగి రెండు గదుల రేకులిల్లు కలయజూసి, "ఏసీ ఎక్కడ దాచావ్ మామ్మా?" అన్నాడు.

"మంచం కింద చూడు నాయనా. కనపడితే నాక్కూడా చూపించు."

నేనూ తక్కువ తినలేదు. నందిగామ ఇళ్లకంటే మా ఇళ్లలో కరెంటు ఎక్కువ కాలుతోందని, మావాళ్లకు పొదుపు తెలియదని అంతకుముందే పత్రికలో రాశాను. ఇంటినిండా పుస్తకాలు పెట్టుకుని, ఎదురింటి మోటారు చప్పుడు వినిపించుకోలేదు.

మీటరు చూసే ఆయన అది చదివి, మా గుమ్మం దగ్గర చెప్పులు విడిచి వచ్చాడు. "మాస్టారూ, మీటరుకి తిరగటమే వచ్చండి. ఎవరికోసం తిరిగిందో దానికి తెలీదు."

బిల్లు చేతికిచ్చే ముందు ప్రతి ఇంట్లో అంకె పైకి చదివి, "చుట్టాలొచ్చారా అమ్మా? పిల్ల పురిటికొచ్చిందా?" అని అడిగే మనిషి. ఆయనకు తెలుసు. నందిగామలో ఆయన అత్తగారిల్లు మునేరు ఏటికి దగ్గర. మోటారు వేసి కాఫీ తాగేలోపు ట్యాంకు నిండుతుంది. ఇక్కడ పలుగు వేస్తే రాయి తగులుతుంది. నీళ్లు ఎక్కడో అడుగున. మామ్మ బోరు కింద ఒక డ్రమ్ము నిండేసరికి అన్నం ఉడికి కూర కూడా అవుతుంది. వీధి మొత్తానికి ఉన్నది ఆ బోరొక్కటే. నీళ్లకొచ్చినవాళ్లను కాదనటం ఆమెకు రాదు. అర్జీలో ఆయన రాసింది ఇదే: ఈ మీటరు పదకొండు ఇళ్లది.

శనివారం వెళ్లి చూస్తే మోటారు స్విచ్చి పెట్టెకు తాళం. బయట ఖాళీ బిందెలతో జనం వరస.

"ఆయన పోయాడుగా మాస్టారూ. నాకోసం ఇంకెవరు తిరుగుతారు? నీళ్లాపితే పెన్షనన్నా ఇస్తారేమో."

"నేను తిరుగుతా. తాళం తియ్యమ్మా."

"మీరా? మీకు ఎవరితోనూ పడదుగా!"

"అందుకే."

సోమవారం నందిగామ వెళ్తున్నాను, ఆ మూడు సంతకాలు లేకుండానే. పెన్షన్ వచ్చేదాకా వెళ్తూనే ఉంటాను.

ఆ శనివారం మామ్మ తాళం తీసింది. మోటారు అందుకుంది. గొట్టం చాలాసేపు ఉత్తి గాలే కక్కింది. వరస వదిలి ఒక్కరూ కదల్లేదు.