అటుపక్క మంద

తల్లి గర్భంలో మనల్ని రూపించి, పుర్రెలో తలపును పెట్టిన దేవునికి స్తోత్రం. ఈ మాట ఇప్పుడు నా నోట తేలిగ్గా రావడం లేదు. అయినా ఏది చెప్పబోయినా ముందు ఇది చెప్పాలని మా అమ్మ నేర్పింది.

నల్లగొండలో పక్షవాతం వచ్చినవాళ్లు, తలకు దెబ్బ తగిలినవాళ్లు కోలుకునే చోట నేను సైకాలజిస్టును. కాళ్లూ చేతులూ ఫిజియో వాళ్లు చూస్తారు; జ్ఞాపకం, ధ్యాస నా పని. కొన్ని నెలల కింద నకిరేకల్ దిక్కు నుంచి ఒక గొర్రెల కాపరి, భార్యతో కలిసి వారానికి రెండుసార్లు బస్సులో వచ్చేవాడు. పక్షవాతం తర్వాత ఆయనకు నడక వచ్చింది, మాట వచ్చింది, ఎడమ పక్క మాత్రం రాలేదు. కళ్లకు ఏమీ కాలేదు. అటుపక్క లోకం ఉందన్న సంగతే మెదడు మరిచిపోయింది. కాగితం మీది గీతలన్నీ కొట్టెయ్యమంటే, కుడివైపువి కొట్టి అయిపోయిందనేవాడు.

"చిన్నప్పుడు బడి తప్పించుకొని గొర్ల యెంట ఉరికిన. ముసలోన్నయినంక నువ్వు దొరకవట్టినవ్ గద బిడ్డా," అని నవ్వేవాడు.

భార్యకు నవ్వు రాలేదు. "మందను చూస్తున్న మా తమ్ముడు ఇగ నాతోని గాదంటుండు. ఈయన మళ్ల పోతడా, అమ్ముకోవాల్నా? గదొక్కటి చెప్పు మేడం."

తల ఎడమకు తిప్పి చూడడం ఆరు వారాలు నేర్పాను. చివరికి ఒక్క గీతా వదలకుండా కొట్టాడు. కంచంలో ఒక పక్క అన్నం మిగిలిస్తున్నాడా అని ఆమెను అడిగాను.

"లేదు మేడం, కడిగినట్టు తింటడు."

మందతో పోవచ్చని రాసిచ్చాను. ఆయన వెంట రోడ్డు మీద నడిచి చూడాల్సింది, చూడలేదు. ఆ ఆదివారం మా చర్చి సంఘంలో నిలబడి, ప్రభువు ఒక కాపరిని బాగుచేశాడని సాక్ష్యం చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు.

నెల తిరగకముందే వాళ్లు మళ్లీ వచ్చారు. హైవే పక్కన మేపుతుంటే ఎడమ పక్క గొర్రెలు రోడ్డెక్కాయట. ఆయన చూసుకోలేదు. లారీ కింద సగం మంద పోయింది. మిగిలినవి అమ్మేశారు.

"అటుపక్క కనపడ్తలేదని నాకెట్ల ఎర్కయితది బిడ్డా? నువ్వు పొమ్మన్నవ్, పోయిన," అన్నాడు.

మధ్యాహ్నం వరండాలో ఆయన తింటుంటే, భార్య మధ్యలో కంచాన్ని ఇటుది అటు తిప్పింది.

"ఎందుకు తిప్పావమ్మా?"

"తిప్పకుంటే గా పక్కది తినడు. మొదటిసంది తిప్పుతనే ఉన్న."

"మరి నేనడిగినప్పుడు చెప్పలేదే?"

"మిగిలిస్తడా అన్నవ్. నేనుండంగ మిగలనిస్తనా?"

ఆమె అబద్ధం చెప్పలేదు. సాక్ష్యానికి సరిపోయే జవాబు దొరకగానే నేనే అడగడం ఆపేశాను.

మరుసటి ఆదివారం లేచి జరిగిందంతా చెప్పాను. ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచి, "సాక్ష్యం వెనక్కి తీసుకుంటరామ్మా? విశ్వాసులు డీలా పడుతరు," అన్నాడు. ఆ కాపరి ఎట్లా బతుకుతున్నాడని ఒక్కరూ అడగలేదు. ఆయన భార్య పత్తి ఏరడానికి కూలికి పోతోంది. ఆయన పొద్దంతా మంచంలోనే కూర్చుంటున్నాడు.

చదువుతున్నవారు ఒక్క నిమిషం ఆగి నాతో కలిసి ప్రార్థించండి. ప్రభువా, ఆ మనిషికి రేపు లేచి చేసుకోవడానికి ఒక పని చూపించు. నీ పేరు చెప్పి తొందరపడ్డ నా నోటికి కావలి పెట్టు. ఆమెన్.