కండక్టరమ్మ రక్తపోటు

కండక్టరమ్మకి కోపం ఎక్కువ అని ఆసుపత్రిలో అందరూ అనుకునేవారు. బస్సులో ఆమెను చూసినవాళ్లెవరూ ఆ మాట అనరు. కిక్కిరిసిన బస్సులో మోచేత్తో దారి చేసుకుంటూ, "లోపలికి జరగండి బాబూ, లోపల పులేమైనా కూర్చుందా" అని నవ్వించేది. చిల్లర లేనివాడికి చివాట్లు పెడుతూనే చంటిబిడ్డతో ఎక్కినావిడకి సీటు ఇప్పించేది. సాయంత్రానికి గొంతు బొంగురుపోయేది గానీ మనసు తేలిగ్గా ఉండేది. లోపలున్నదంతా బయటికి అరిచేశాక ఇంక బరువేముంటుంది?

ఆసుపత్రి వరండాలో అలా కుదరదు. అక్కడ నోరు మూసుకుని కూర్చోవాలి.

రెండో కాన్పు ఆమె ప్రాణం మీదికి తెచ్చింది. నెలలు నిండకముందే కాళ్లు వాచాయి, తలనొప్పితో కళ్లు మసకలు కమ్మాయి. "కడుపుతో ఉన్నప్పుడు కాళ్లు వాయవా ఏమిటి" అని అత్తగారు తేల్చేశారు. ఒక పొద్దున డిపోలోనే ఫిట్సు వచ్చి పడిపోయింది. కోసి బిడ్డను తీశారు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా అప్పుడే చేసేద్దామంటే, ఆమె తట్టుకునే స్థితిలో లేదు. ఇంటికి పంపేటప్పుడు పెద్ద డాక్టరమ్మ మొగుడూ పెళ్లాలిద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"మళ్లీ గర్భం వస్తే ఈమె దక్కుతుందని నేను మాటివ్వలేను. ఇద్దరిలో ఎవరో ఒకరు ఆపరేషన్ చేయించుకోండి. మగవాళ్లకైతే చాలా తేలిక."

"చూద్దామండి" అన్నాడు భర్త.

ఆయన గడియారాలు బాగుచేస్తాడు. కంటికి భూతద్దం తగిలించుకుని స్టూలు మీద కూర్చున్నాడంటే, పక్క దుకాణం తగలబడుతున్నా చేతిలో మర బిగించాకే తల ఎత్తుతాడు. ఇంట్లో ఎవరు ఏమన్నా నిమ్మకు నీరెత్తినట్టుంటాడు. అత్తగారు మాత్రం ఊరుకోలేదు. "కష్టపడే మగాడికి కోతలేమిటే? నడుం పడిపోతే ఇల్లెలా గడుస్తుంది?" అన్నారు. కష్టపడే మగాడట! రోజంతా ఊగే బస్సులో నిలబడేది కోడలు. కొడుకు స్టూలు మీంచి లేచేది టీకీ, అన్నానికీ.

సరే, తనే ఏదో ఒకటి చేసుకోవాలి. మాత్రలు ఆమె బీపీకి పనికిరావన్నారు. కాపర్-టీ వేయించుకుంటే నెలలో సగం రోజులు రక్తం పోయి మనిషి పాలిపోయింది, తీయించేసింది. కండోమ్ ప్యాకెట్లా, ఆయనకి గుర్తుంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. నెల తిరిగేసరికి ఆమె ప్రాణాలు గుప్పెట్లో పెట్టుకునేది. కొంచెం ఆలస్యమైతే చాలు, దిగాల్సిన స్టాపులు కేకేయడం కూడా మర్చిపోయేది.

ఇక మిగిలింది ఆపరేషనే. ముందురోజు రాత్రి నుంచి కడుపు మాడ్చుకుని వెళ్లేది. తెల్లారి కట్టిన వరుస ఎండెక్కినా కదలదు. డాక్టరు వస్తున్నారంటారు, వార్డులో ఉన్నారంటారు. తెలిసినవాళ్లున్నవాళ్లు పక్కతలుపులోంచి దూరిపోతారు. బస్సులోనైతే ఒక్క కేకతో చక్కబెట్టేది. ఇక్కడ నోరు తెరిస్తే, "ఇది నీ బస్సు కాదమ్మా, కూర్చో" అంటాడు వార్డుబాయ్. కూర్చునేది. పళ్లు నూరుకుంటూ కూర్చునేది. తీరా పిలిచి, చేతికి పట్టీ కట్టి గాలి కొట్టేసరికి బీపీ కొండెక్కి ఉండేది.

"ఇంత బీపీ మీద మత్తివ్వలేం. తగ్గాక రండి."

డిపో దగ్గరి కాంపౌండరు చూస్తే మామూలుగానే ఉంటుంది. మందు మార్చారు, మోతాదు పెంచారు. మళ్లీ వచ్చింది, మళ్లీ తిప్పి పంపారు. వాళ్లన్నదీ తప్పు కాదు, ఆమె ప్రాణం కోసమే అన్నారు. తిట్టడానికైనా ఒక మనిషి దొరక్కపోతే ఆ కోపం ఎక్కడికి పోతుంది?

ఇంకోసారి వచ్చింది. తోడు ఉండాలన్నారు కాబట్టి ఆయనా వచ్చి పక్కనే కూర్చుని హాయిగా కునుకు తీశాడు. నర్సు గాలి వదిలి, తల అడ్డంగా ఊపింది.

"కోపం కొంచెం తగ్గించుకోవాలమ్మా నువ్వు."

"తీసి పక్కన పెట్టడానికి ఇదేమైనా ఒంటి మీద నగా సిస్టర్?" అంది కండక్టరమ్మ. పట్టీ విప్పి నర్సు చేతిలో పెట్టింది. "ఓసారి ఈయనకి కట్టండి."

ఆయన ఉలిక్కిపడి లేచాడు. ఏం జరుగుతోందో అర్థమయ్యేలోపే పట్టీ బిగిసింది. నర్సు అంకె చూసి నవ్వింది.

"పసిపిల్లాడి బీపీలా ఉంది. డాక్టరుగారు పరీక్ష చేసి సరేనంటే ఈయనకి ఇవాళే చేసేయొచ్చు. కానీ బలవంతం మీద చేయం. ఆయన ఒప్పుకోవాలి."

"అంటే... అమ్మతో ఓ మాట..." అని ఆయన నీళ్లు నమిలాడు.

"మీ అమ్మగారికా ఆపరేషన్?" అంది నర్సు.

పక్క బెంచీ మీదివాళ్లు నవ్వారు. కండక్టరమ్మ నవ్వలేదు. బస్సులో అంత గొంతున్న మనిషి, మెల్లగా అంది.

"పోయిన నెల నాకు ఆలస్యమైంది, గుర్తుందా? అప్పుడు మీ చెల్లెల్ని పిలిచి, పిల్లల బట్టలెక్కడుంటాయో, చిన్నవాడు ఏం పాట పాడితే నిద్రపోతాడో అన్నీ చెప్పాను. నేను పోతే మీకు చేతకాదని. నాకు చావాలని లేదండి. ఎన్నాళ్లని ఇలా భయపడుతూ బతకను?"

ఆయనకి ఆ సంగతి తెలియదు. చెల్లెలూ చెప్పలేదు. ఆయన చేతికి ఇంకా ఉన్న పట్టీని తనే విప్పుకుని నర్సుకి ఇచ్చాడు.

"చేయించుకుంటానండి" అన్నాడు.

డాక్టరు ఆయనతో విడిగా మాట్లాడాడు, చూడాల్సినవి చూసి లోపలికి తీసుకెళ్లాడు. కండక్టరమ్మ క్యాంటీన్‌కి వెళ్లి, పొద్దుటి నుంచి మాడిన కడుపులో రెండు బ్రెడ్డు ముక్కలు పడేసి టీ తాగి వచ్చేసరికి, ఆయన కొంచెం కాళ్లు ఎడంగా వేసుకుంటూ తనంతట తనే నడిచి వస్తున్నాడు. మొహం తేటపడి ఉంది.

"ఇంతేనా!" అన్నాడు నవ్వుతూ. "చీమ కుట్టినట్టుంది. ఇంతేనని తెలిస్తే ఎప్పుడో..."

ఆమెకు కళ్లమ్మట నీళ్లొచ్చాయి. సంతోషమనుకుని ఆయన భుజం మీద చెయ్యి వేయబోయాడు. ఆమె ఆ చెయ్యి తోసేసింది.

"ఇంతే. బిడ్డ పుట్టినప్పటి నుంచీ ఇంతే" అంది.

ఆయన నవ్వు ఆగిపోయింది. అప్పుడే గుమ్మంలోంచి నర్సు, మూడు నెలలదాకా కండోమ్ తప్పకుండా వాడాలనీ ఆ తర్వాత పరీక్షకి రావాలనీ చెప్పడం మొదలుపెట్టింది, అలవాటుగా కండక్టరమ్మ వైపే చూస్తూ.

"నాకు కాదు, ఆయనకి చెప్పండి" అని కండక్టరమ్మ పక్కకి జరిగింది.