నాలుగు స్పేసుల మాస్టారు

లోకం తలకిందులైనా మాస్టారికి పట్టేది కాదు గానీ, లైను మొదట్లో నాలుగు స్పేసులు ఉండాల్సిన చోట మూడుంటే మాత్రం ప్రాణం విలవిల్లాడిపోయేది.

ప్రోగ్రాము రాసేవాళ్ళు మొదట కొన్ని స్పేసులు, అంటే ఖాళీలు, వదిలి లైన్లను కొంచెం లోపలికి జరిపి రాస్తారు. ఆ ఆఫీసులో వాడే భాషలో, ఎంత జరిపినా కంప్యూటరు ఏమీ అనుకోదు. మాస్టారు అనుకుంటారు. ఒకసారి జ్వరమొచ్చి డాక్టరు దగ్గరికి వెళ్తే, చీటీలో మూడు మందుల పేర్లూ మూడు చోట్ల మొదలయ్యాయని అక్కడే భీష్మించుకుని కూర్చుని, మళ్ళీ రాయించుకున్నారట. ఆ రాయించడంలోనే సగం జ్వరం దిగిపోయిందని టెస్టరమ్మ చెబుతుంది. టెస్టరమ్మంటే ఆ ఆఫీసులో అందరి తప్పులూ వెతికిపెట్టే మనిషి. ఆవిడ మాటల్లో సగం తీసేసినా మిగతా సగం నిజమే అయ్యుంటుంది.

కొత్తావిడ ఆ ఆఫీసులో చేరేసరికి మాస్టారి జుట్టంతా నెరిసిపోయింది. ఈవిడ ఏడేళ్ళు ఇంటిపట్టున ఉండి, మళ్ళీ ఉద్యోగానికి వచ్చింది. మూడు నెలలు చూసి, నచ్చితే ఉంచుకుంటామన్నారు. ఇంట్లో పిల్లలిద్దరినీ అత్తగారు నెత్తిన వేసుకుని, "నువ్వెళ్ళు, వీళ్ళ సంగతి నేను చూస్తాను" అని పంపించింది. సాయంత్రం కోడలు గుమ్మంలో అడుగు పెట్టగానే ఆవిడది ఒకటే ప్రశ్న.

"ఏమ్మా, ఇవాళ్టికి ఉంచారా?"

"ఉంచారత్తయ్యా."

"అయితే కూర్చో, టీ పెడతాను."

ఉంచకపోతే టీ ఉండదా అని అడగాలని కొత్తావిడకు ఎన్నిసార్లో నోటిదాకా వచ్చింది. అడగలేదు.

ఆ ఆఫీసు పని బస్‌స్టాపుల్లో వెలిగే బోర్డులు నడపడం. ఏ నంబరు బస్సు ఎన్ని నిమిషాల్లో వస్తుందో ఆ బోర్డులు చెబుతాయి. వాటి ప్రోగ్రామంతా గిట్ అనే చిట్టాలో ఉంటుంది. ఏ లైను ఎవరు ఎప్పుడు మార్చారో గిట్ మరిచిపోదు. మరిచిపోయేది మనుషులే. చేసిన కమిట్, అంటే చిట్టాకెక్కించిన మార్పు, వెనక్కి తీసుకోవడం ఎలా, ఎవరి పని వాళ్ళు విడిగా చేసుకునే బ్రాంచి పోతే దొరుకుతుందా, అసలు నేనిప్పుడు ఏ బ్రాంచిలో ఉన్నాను అంటూ రోజుకు పదిమంది మాస్టారి బల్ల దగ్గర చేరేవాళ్ళు.

"మాస్టారూ, కొంప మునిగింది!" అంటూ ఒకరోజు మ్యాపులు చూసే అతను పరుగెత్తుకొచ్చాడు. "నా బ్రాంచి అనుకుని అందరూ వాడే మెయిన్‌లో కమిట్ చేసేశాను!"

మాస్టారు కళ్ళజోడు సర్దుకుని తెర చూశారు. "పదమూడో లైన్లో మూడే స్పేసులున్నాయేం?"

"అది తర్వాత చూద్దురు గానీ, ముందు ఇది..."

"ముందు స్పేసు."

అతను నాలుగో స్పేసు కొట్టాక గానీ మాస్టారు నోరు విప్పలేదు. "ఇంకా సర్వరుకు పంపలేదుగా? అయితే ఉన్నచోటే కొత్త బ్రాంచి ఒకటి తెరువు. నీ పని అందులో పదిలంగా ఉంటుంది. తర్వాత మెయిన్‌ను ఒక మెట్టు వెనక్కి జరుపు. దీనికి కొంపెందుకు మునుగుతుంది?"

అందరికీ అన్నీ చెప్పేవారు. అయితే స్పేసుల సుంకం కట్టందే ఎవరూ ఆ బల్ల దాటలేదు.

మేనేజరుకు మాత్రం గిట్‌లో తెలిసిందల్లా ఒక్కటే, బ్లేమ్ అనే మీట. అది నొక్కితే ప్రతి లైను పక్కనా దాన్ని ఆఖరున ముట్టుకున్న మనిషి పేరు పడుతుంది. ఎక్కడ ఏ తప్పు జరిగినా అందరినీ మీటింగు గదిలో కూర్చోబెట్టి, గోడ మీది పెద్ద తెర ముందు ఆ మీట నొక్కేవాడు. మూడు నెలల పరీక్షలో ఉన్నవాళ్ళ పేరు ఒకసారి పడితే మందలింపు, రెండోసారి పడితే ఇంటికి. కొత్తావిడ పేరు మొదటి వారంలోనే ఒకసారి పడింది. ఆ రోజు అత్తగారు అడగకముందే ఉంచారని చెప్పేసింది.

ఆ మర్నాటి నుంచి మాస్టారి కన్ను ఆవిడ కోడ్ మీద పడింది. సాయంత్రం అయిదయ్యేసరికి ఆవిడ ఆ రోజు రాసిందంతా తెరిచి, లైను లైనుకూ స్పేసులు జరిపి, "స్పేసులు సర్దాను" అని కమిట్ చేసి, గొడుగు తీసుకుని ఇంటికి వెళ్ళిపోయేవారు. ఎండైనా వానైనా గొడుగు, సెలవైతే తప్ప స్పేసులు.

దాంతో కొత్తావిడకు తెల్లారి లేస్తే కాన్‌ఫ్లిక్టే. ఒకే లైనును ఇద్దరు రెండు రకాలుగా మారిస్తే, ఎవరిది ఉంచమంటావని గిట్ పేచీ పెట్టుకుని కూర్చుంటుంది. రోజూ ఆ పేచీ తీర్చడానికే అరగంట పట్టేది.

"పాతవాళ్ళ కోడ్ చింపిరి జుట్టులా ఉంటుంది. దాని జోలికి పోరు. ఈయనకు నాదే దొరికిందా?" అని ఒకరోజు టెస్టరమ్మ దగ్గర మొత్తుకుంది.

"నీ మీద అభిమానంలే," అని టెస్టరమ్మ అదోలా నవ్వింది.

ఎనిమిదో వారంలో ఒక పొద్దున మళ్ళీ పేచీ వచ్చింది. బస్సు రావలసిన సమయంలోంచి గడిచిన నిమిషాలు తీసేసే లైను అది. కొత్తావిడ అందులో ఒక మాట మార్చింది, మాస్టారు ఒక స్పేసు మార్చారు. ఆవిడకు చిర్రెత్తుకొచ్చింది. "నాదీ ఉండనీ, ఆయనదీ ఉండనీ, చావనీ" అనుకుని 'రెండూ ఉంచు' నొక్కేసింది. ఆ రోజు టెస్టరమ్మ సెలవు. సాయంత్రం మాస్టారు వచ్చి ఆ రెండు లైన్లకూ ముచ్చటగా నాలుగేసి స్పేసులు పెట్టి, గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు.

మర్నాడు పదింటికల్లా ఊళ్ళో బోర్డులన్నీ గడిచిన నిమిషాలను రెండేసిసార్లు తీసేయడం మొదలుపెట్టాయి. "పద్నాలుగో నంబరు: మైనస్ తొమ్మిది నిమిషాల్లో వచ్చును." బస్‌స్టాపు నుంచి ఒక పెద్దావిడ ఫోన్ చేసి నిలదీసింది. "ఏవయ్యా, నేనిక్కడ నిలబడాలా, ఇంటికెళ్ళి పావుగంట ముందు బయల్దేరి రావాలా?"

మీటింగు గదిలో కొత్తావిడ ఆ లైను చూడగానే గుర్తుపట్టింది. రెండోసారి. ఇంటికి. అత్తగారికి ఏం చెప్పాలి? మేనేజరు తీరిగ్గా మీట నొక్కాడు.

రెండు లైన్ల పక్కనా మాస్టారి పేరే పడింది.

"మీరా?" అన్నాడు మేనేజరు.

"నేనే. స్పేసులు సర్దడంలో పొరపాటు జరిగింది," అన్నారు మాస్టారు, ఏమీ ఎరగనట్టు.

కొత్తావిడ లేచి నిలబడింది. "అది కాదండీ, ఆ లైను..."

"కూర్చోమ్మా. నీ కుర్చీ లైన్లో లేదు," అన్నారు మాస్టారు.

ఆవిడ ఊరుకోలేదు. మీటింగు అవగానే మేనేజరు గదికి వెళ్ళి, తప్పు తనదేనని ఉన్నదున్నట్టు చెప్పేసింది. మేనేజరు ఓపిగ్గా విని మళ్ళీ మీట నొక్కాడు. "ఇదిగో, పేరు స్పష్టంగా ఉంటే కాదంటావేమిటి? పెద్దాయన్ని వెనకేసుకొస్తున్నావు, మంచిదే. కానీ మళ్ళీ ఒక్కసారి ఆయన పేరు పడిందంటే కోడ్ ముట్టుకోనివ్వను. రిటైరయ్యేదాకా కాగితాలు రాసుకుంటూ కూర్చోవలసిందే."

ఆవిడ తిన్నగా మాస్టారి బల్ల దగ్గరికి వెళ్ళింది. "నా తప్పు మీ మీదెందుకు వేసుకున్నారు?"

"నీ తప్పేమిటి? స్పేసు జరిపి పేచీ పెట్టింది నేనేగా."

"రెండూ ఉంచింది నేనుగా!"

"అవును, అది తెలివితక్కువ పనే," అని ఒప్పుకున్నారాయన. "ఇంకెప్పుడూ చేయకు. మూడు నెలలు నిండాక నీ తప్పులు నీవే, నేను ముట్టుకోను."

అంతలో టెస్టరమ్మ రెక్క పట్టుకుని కొత్తావిడను తన సీటు దగ్గరికి లాక్కెళ్ళింది. "ఇలా చూడు. బ్లేమ్‌లో స్పేసులను లెక్కచేయవద్దని చెప్పే మీట ఒకటుంది. నొక్కు."

నొక్కింది. తెర నిండా ఉన్న మాస్టారి పేరు ఒక్కసారిగా మాయమైంది. ఆ స్థానంలో అసలు రాసినవాళ్ళ పేర్లు బయటపడ్డాయి. మ్యాపులతను, టెస్టరమ్మ, పక్క గదిలోని నలుగురు, అందరూ చేరిన కొత్తల్లో రాసిన లైన్లే. ఒక్కొక్కరికి సరిగ్గా మూడు నెలలు.

"అందరికీ తెలుసా?"

"మేనేజరుకు తప్ప. ఆయనకు ఈ మీట సంగతి చెప్పావో, నీతో ఈ ఆఫీసులో ఒక్కరూ మాట్లాడరు."

కొత్తావిడకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఎనిమిది వారాలుగా తాను తిట్టుకున్న తిట్లన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది.

మూడు నెలలు నిండాయి, ఆవిడను ఉంచుకున్నారు. అత్తగారు ఆ సాయంత్రం ప్రశ్న అడగకుండానే టీ పెట్టింది. మర్నాటి నుంచి మాస్టారు మాట ప్రకారం ఆవిడ కోడ్ ముట్టుకోవడం మానేశారు. పొద్దున్నే పేచీ లేకపోతే ఆవిడకు ఏమీ తోచలేదు.

ఇంకో నెలకు, ఒక బుధవారం బోర్డులన్నీ ఆదివారం వేళలు చూపించాయి. బస్సులు సగమే ఉన్నాయనుకుని జనం నడక మొదలుపెట్టారు. ఆ లైను మాస్టారు రాసిందేనని అందరికీ తెలుసు. మీటింగు గదిలో ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు. కోడ్ లేకుండా ఆయన్ని ఊహించుకోవడం ఎవరి వల్లా కాలేదు.

మేనేజరు మీట నొక్కాడు. కొత్తావిడ పేరు పడింది. పైలైను టెస్టరమ్మది. కిందిలైను మ్యాపులతనిది. దాని కిందివి పక్క గదివాళ్ళవి. ప్రతి పేరు దగ్గరా ఒకటే మాట: "స్పేసులు సర్దాను." నెల రోజులుగా మాస్టారు గొడుగు తీసుకుని గుమ్మం దాటగానే అక్కడ ఆయన లైన్ల మీద జరుగుతున్న పని అదే.

"ఈ ఆఫీసులో పని చేసేవాళ్ళెవరైనా ఉన్నారా, అందరూ స్పేసులు సర్దేవాళ్ళేనా?" అని మేనేజరు తల పట్టుకున్నాడు. "ఇప్పుడు నేను ఎవర్ననాలి?"

మాస్టారు మెల్లగా లేచారు. "ఆ లైను..."

"కూర్చోండి మాస్టారూ, మీ కుర్చీ లైన్లో లేదు," అంది కొత్తావిడ.

ఆయన కూర్చోలేదు. కళ్ళజోడు పెట్టుకుని, తెర దగ్గరికంటా వెళ్ళి, ఆవిడ లైను మొదట్లో వేలు పెట్టి లెక్కపెట్టారు. కళ్ళజోడు మళ్ళీ తీసి తుడుచుకున్నారు.

"అది కాదమ్మా... మూడే పెట్టావు."