ఎనిమిదో నాడు వచ్చే పెద్దమ్మ

సంఘం పెద్దమ్మ పోయిందని శనివారం పొద్దున జడ్చర్ల బస్సు డ్రైవరు మా ఊరి మలుపులో బండి ఆపి చెప్పాడు. "కమ్మరి తాతా, మీ పెద్దమ్మ పోయింది" అన్నాడు కిటికీలోంచే. చెప్పి కాసేపు బండి కదపలేదు. లోపల కూర్చున్నవాళ్లు ఎవరూ తొందర పెట్టలేదు.

నాకు రాత అంతంత మాత్రమే. సమ్మెట పట్టిన చేతిలో కలం నిలవదు. అయినా ఎవరో వచ్చి ఆమెను దేవత అని రాస్తే నాకు పడదు. ఆమెకూ పడదు.

పసిపిల్లలు చావకుండా చూసే సంఘం ఆమెది. జడ్చర్లలో ఒక కిరాయి ఇల్లు, రెండు చాపలు, నీళ్లు మరగబెట్టే పెద్ద గిన్నె, అంతే ఆ సంఘం. ఊళ్లలో పురుడు పోసే మంత్రసానులను పట్నం వాళ్లు కసురుకుంటే, ఈమె తన చాప మీద పక్కన కూర్చోబెట్టుకునేది. అమ్రాబాద్ అడవిలో గూడేల దాకా నడిచిపోయేది. బిడ్డ పోయిన ఇంటికి వెళితే ముందు మాట్లాడేది కాదు. కుండ తీసుకుని బావికి పోయి నీళ్లు తెచ్చేది. మా వైపు పురిటి పిల్ల పోతే తల్లిని ఏడవనివ్వరు. పేరైనా పెట్టని పిల్లకు ఏడుపేమిటంటారు. ఆమె వాకిట్లో నిలబడి, "ఏడ్వద్దనేటోళ్లు మీ ఇండ్లకు పోండ్రి. ఏడ్చేటోళ్లు లోపలికి రాండ్రి" అనేది.

మా ఇంటికీ అట్లాగే వచ్చింది.

మా కూతురు రెండుసార్లు పురుటికి మా ఇంటికి వచ్చింది. రెండుసార్లూ మగపిల్లలు. రెండుసార్లూ ఎనిమిదో నాడు దవడలు బిగుసుకుపోయి, నోరు తెరవలేక, పాలు తాగలేక పోయారు. గాలి సోకిందన్నారు.

"బొడ్డు దేంతోటి కోసిండ్రన్నా?" అని అడిగింది పెద్దమ్మ, రెండోవాడు పోయినప్పుడు వచ్చి.

"కొడవలితోటి. నా మనుమని కోసమని రెండుసార్లు నేనే కొత్తది చేసిన."

"మరగబెట్టిండ్రా?"

నాకు మండింది. "నిప్పుల పుట్టిన ఇనుమును మల్ల ఉడకబెట్టుడేందమ్మా? గదేమన్న పప్పా? నా ఇనుముకు వంక పెట్టేటోడు ఈ తాలూకాల పుట్టలే."

"పుట్టలేదన్నా, ఒప్పుకుంట. మరి కొలిమిలకెల్లి వచ్చినంక గది యాడున్నది?"

"చూరుల చెక్కిన."

లోపలి నుంచి మా ముసలిది మెల్లగా అంది. "చెక్కకముందు, పదునెట్లున్నదో సూద్దామని దూడకు గడ్డి కోసిన. రెండు మాట్లూ."

మా దూడకు గడ్డి పెంటదిబ్బ పక్కనే మొలుస్తుంది. నేను మా ముసలిదాని మీదికి లేచాను. నోట్లో మాట బయటికి రాకముందే పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగన్నా. నువ్వు పాణం పెట్టి చేసినవు. వదినె పాణం పెట్టి పదును సూసింది. తెల్వక చేసింది తప్పు గాదు. గా పెంట మురికి బొడ్డుల వడి పిల్లగాండ్లను తీస్కపోయింది. గిప్పుడు తెలిసింది గదా, ఇగ మల్ల చేస్తె గదే తప్పు."

ఆ పూట సాయంత్రం దాకా ఉంది. మా కూతురికి పాలు చేపుకొచ్చి రొమ్ములు గడ్డకట్టాయి, తాగేవాడు లేడు. తడిగుడ్డ చుట్టి, పక్కన కూర్చుని, వీపు నిమిరింది. వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగింది. "వాళ్లిద్దరిని ఏమని పిలిచేటోనివన్నా?"

తాతను ఎవరూ అడగని మాట అది. "పెద్దోన్ని బుడ్డోడా అనేటోన్ని. చిన్నోన్ని... ఏమన్న అనకముందే పోయిండు" అన్నాను. అని ఏడ్చాను. కొలిమి వాకిట్లో, పట్టపగలు, జనం చూస్తుండగా.

తర్వాత నెలలో నన్ను సంతకు పిలిపించి, తోటి కమ్మర్ల ముందు నిలబెట్టింది. "గా కొడవలి ముచ్చట నువ్వే చెప్పాలె. నేను చెప్తే సుద్దులంటరు, నువ్వు చెప్తే ఇంటరు" అంది. నా పరువు మట్టిలో కలిసిందనుకుంటూనే చెప్పాను. ఎవరూ నవ్వలేదు.

మూడోసారి మా కూతురు వచ్చేటప్పుడు నల్గొండలోని అత్తగారు ఒకటే మాట చెప్పి పంపింది, ఈసారి ఉత్త చేతులతో రావద్దని. నేను వేలెడంత కత్తి చేశాను. పెద్దమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "దీంతోటి బొడ్డు తప్ప ఉల్లిగడ్డ గూడ కొయ్యొద్దు" అంది. నొప్పులు మొదలుకాగానే పొయ్యి ముందు కూర్చుని నేనే మరగబెట్టాను. అంత కంగారులోనూ మా ముసలిది, "పప్పు ఉడికిందా?" అని పొడిచింది. మంత్రసాని సబ్బుతో చేతులు కడుక్కుని ఆ కత్తితో బొడ్డు కోసింది. ఆడపిల్ల.

ఎనిమిదో నాడు మొదటి బస్సులో పెద్దమ్మ దిగింది. మేం కబురు పెట్టలేదు. ఆ రోజు ఇంట్లోవాళ్లకు ఎట్లా ఉంటుందో ఆమెకు తెలుసు. పాప నిద్రపోతోంది. మా కూతురు రొమ్ముకు తీసుకోవడానికి భయపడుతోంది.

"నోరు తెరవకపోతే, పెద్దమ్మా?"

"తెరవకపోతే నేనున్న. తెరిస్తే నువ్వున్నవు. లేవనీ బిడ్డా, ఫికర్ చెయ్యకు."

అందరం చుట్టూ కూర్చున్నాం. పిల్లను ఎవరూ ముట్టుకోలేదు. గడప మీదికి ఎండ వచ్చింది. అప్పుడు పాప మొహం ముడుచుకుంది, ఎర్రబడింది, పిడికిళ్లు బిగుసుకున్నాయి. మా ముసలిది నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మగపిల్లలిద్దరికీ ఇట్లాగే మొదలైంది.

పాప ఆవలించింది. నోరు బార్లా తెరిచి, ఎర్రటి చిగుళ్లన్నీ కనబడేలా, నాలుక కొస వణికేదాకా.

పెద్దమ్మ దాన్నే చూస్తూ, ఆపుకోలేక, తానూ ఆవలించింది. ఆమెను చూసి మా కూతురు. కూతురిని చూసి మా ముసలిది. ఆఖరికి నేను.